ఆరో అల్మారా చదువరులు

మా ఆయనకు పుస్తకాలంటే ప్రాణం, తెరవాల్సిన అవసరం రానంతవరకు. అట్టలు వేస్తారు, నంబర్లు అంటిస్తారు, చెదలు పట్టకుండా కాపలా కాస్తారు. అలాంటి మనిషిని ఏరికోరి మా వీధి గ్రంథాలయానికి కార్యదర్శిని చేశారు.

ఓ ఆదివారం రిజిస్టరు ముందేసుకుని తీర్పు చెప్పారు.

"ఆరో అల్మారా పుస్తకాలు పాత కాగితాల కొట్టుకి పంపేస్తున్నాం. మూడేళ్లుగా ఒక్కరూ ఇంటికి తీసుకెళ్లలేదు."

ఆరో అల్మారా అంటే స్త్రీల హక్కుల చరిత్ర. ఓటు కోసం జైలుకెళ్లినవాళ్లు, పనిగంటలు తగ్గించమని సమ్మెకు దిగిన మిల్లు కార్మికులు, బడికి వెళ్లినందుకు రాళ్లదెబ్బలు తిన్నవాళ్లు, అందరూ అందులోనే ఉన్నారు. ఒకసారి తూకానికి వెళ్తే మళ్లీ దొరకరు.

"తీసుకెళ్లకపోతే చదవనట్టేనా?" అన్నాను.

"రిజిస్టరు అబద్ధం చెప్పదోయ్."

"నిజమే, దానికి నోరుంటేగా!"

మర్నాడే 'ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి' అని ఓ జాబితా రాసి అల్మారాకు అంటించాను. ముందు జీవితకథలు, తర్వాత ఉద్యమాల చరిత్ర, ఆపైన వాదోపవాదాలు. అన్నిటికన్నా లావుపాటి పుస్తకం పక్కన, 'భయపడకండి, సగం లావు చివరి సూచికదే' అని రాశాను.

"బుధవారం మూడింటికి వచ్చి అక్కడ కూర్చోండి," అన్నాను ఆయనతో.

"ఆఫీసుందే!"

"సెలవు పెట్టండి. లేకపోతే వంటకి నేను పెడతాను."

వచ్చారు.

మూడు దాటేసరికి ఎనిమిది మంది ఆడవాళ్లు నేరుగా ఆరో అల్మారా దగ్గరకు నడిచారు. ఎవరి పుస్తకం వాళ్లు లాగి, కిందటి బుధవారం ఆపిన చోట తెరిచారు. గుర్తుగా ఒకరిది బస్సు టికెట్టు, నర్సుది ఖాళీ మాత్రల అట్ట, టైలరమ్మది గుడ్డ పీలిక. కొన్ని పుస్తకాల్లో ఇద్దరు ముగ్గురి గుర్తులున్నాయి.

మా ఆయన ఉండబట్టలేక టైలరమ్మను అడిగారు. "ఇంటికి తీసుకెళ్లొచ్చుగా అమ్మా?"

"కార్డు మా ఆయన పేరునుంది అన్నయ్యగారూ. ఇంటికి ఒక్కటే, అదీ యజమానికే అన్నారుగా మీరు. ఇది ఆయన పేరున రాయించి పట్టుకెళ్తే నేను చదవనా, సంజాయిషీ చెప్పుకోనా?"

"ఇక్కడ గంటకి ఇరవై పేజీలు," తలెత్తకుండానే అంది నర్సు. "ఇంట్లో పేజీకి ఇరవై ప్రశ్నలు."

ఆయన మూసేవేళ దాకా అక్కడినుంచి కదల్లేదు.

తర్వాతి ఆదివారం కమిటీ సమావేశంలో అధ్యక్షులవారు అడిగారు. "ఆరో అల్మారా ఖాళీ అయిందా?"

"ఖాళీ చెయ్యట్లేదండీ," అని లేచారు మా ఆయన. "ఇకనుంచి అడిగిన ప్రతి మనిషికీ సొంత కార్డు ఇద్దాం."

"ఇంటికో కార్డు నిబంధన మీరు పెట్టిందేగా?"

వెనక వరుసలో కూర్చున్న నా వైపు ఒకసారి చూసి, ఆయన గొంతు సవరించుకున్నారు.

"నేనే పెట్టాను. తప్పు చేశానండీ."