మూడో బీరువాలో తీరం

మా బ్రిటిష్ ఏజెన్సీ ఆఫీసులో మూడో బీరువా తలుపు తీస్తే లోపల అరబ్బుల తీరం ఉంటుంది. నలభై మైళ్ళు. ఉత్తరాన సదఫ్ తెగ, దక్షిణాన రిమాల్ తెగ. రోజూ పదింటికి కెప్టెన్ హాలోవెల్ దొర స్టూలు మీద కూర్చుని తొంగిచూస్తాడు. ఎవరు ఎవరింటికి వెళ్ళారో, ఎవరిని చూసి ఎవరు మొహం తిప్పుకున్నారో ఆయన చెబుతాడు, నేను రాస్తాను. బందరు నుంచి వచ్చి తొమ్మిదేళ్ళయింది, నా పని ఇదే. బీరువాలోంచి రాలే ఇసుకను సాయంత్రం ఊడుస్తారు.

పదకొండు రోజులుగా లోపల ఒకటే దృశ్యం. సదఫ్ పెద్ద గానిమ్, రిమాల్ పెద్ద హమద్ గుడారంలో చాప మీద కూర్చున్నాడు. ఎదుట కాఫీ గిన్నె, ముట్టలేదు. దాని ఆవిరి ఆగదు. హమద్ నోరు తెరిచే ఉంది, మాట మాత్రం రాదు. ఆ మాట మా దగ్గరుంది. సాక్ష్యం కింద దొర దాన్ని జప్తు చేసి, లక్కముద్ర వేసి, కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టుకున్నాడు.

ఆ తీరంలో పెద్ద కోరికతో వచ్చిన అతిథి గిన్నె తాగకుండా కింద పెడతాడు. ఏం కావాలని ఇంటాయన అడుగుతాడు, ఇచ్చానంటాడు, అప్పుడు అతిథి తాగుతాడు. గానిమ్ కోరింది సంధి. హమద్ నోట ఆగిపోయింది ఆ ఇచ్చానన్న మాటే. అతని మేనల్లుడి చేతిలో హమద్ తమ్ముడు పోయి రెండేళ్ళు. ఇదంతా నాకు తెలుసు. కానీ మా రిజిస్టరులో రెండే గడులున్నాయి, తాగాడు, తాగలేదు అని. నేను తాగలేదని రాశాను. దాని పక్కన దొర వైరం అని రాశాడు. తెలిసీ రాశాను, అందుకే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

వైరానికి శిక్ష పడవలు కాల్చడం. సదఫ్ వాళ్ళకు ముత్యాల పడవలు తప్ప వేరే కూడు లేదు. యుద్ధనౌకను నలుగురు లస్కర్లు, ఓడ పనివాళ్ళు, మెట్ల మీదుగా మోసుకొస్తారు. దాని గొట్టం పొగ కక్కుతూ ఉంటుంది. ముందున్నవాడు కోరంగి మైలపల్లి పోలయ్య.

"ఎక్కడెట్టమంటారండీ? బీరువా తలుపు ఇరుగ్గా ఉందండి."

పన్నెండింటికి లోపల పెట్టాలని, అంతవరకు గోడకు ఆనించమని దొర చెబుతాడు. పడవలు ఎన్నని నన్నడుగుతూ చుట్ట ముట్టిస్తాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన వాడి కథ విన్నాను కానీ, ఇల్లు కాల్చబోయేవాడే చుట్ట వెలిగించడం ఇక్కడే చూస్తున్నాను.

నేను రిజిస్టరు చంకన పెట్టుకుని బీరువాలోకి దిగి, గానిమ్ పక్కన కూర్చుంటాను.

"మున్షీ, రాసింది నువ్వే కదా," అంటాడు.

"నేనే. తాగలేదని రాశాను."

"అది గిన్నె సంగతి. నా సంగతి ఎక్కడ రాశావు?"

కలం తీసి రిజిస్టరులో తాగలేదన్న మాట కొట్టేస్తాను. కొట్టిన గీత కాగితం దిగి, ఇద్దరు పెద్దల మధ్య మోకాలెత్తు గోడగా లేస్తుంది. మళ్ళీ కొడితే నడుమెత్తు. మూడోసారికి హమద్ తలపాగా మాత్రమే కనిపిస్తుంది. కలం మూసి బయటికి వస్తాను.

వైరమని రాయడం పొరపాటని, గానిమ్ కాఫీ కాదనడం లేదు, సంధి అడుగుతున్నాడని దొరతో చెబుతాను. ఆయన ఓపిగ్గా వింటాడు.

"సంధి మనం చేయిస్తే సంధి. వాళ్ళంతట వాళ్ళు చేసుకుంటే కుట్ర."

రిపోర్టు మాత్రం బాగా రాశానని మెచ్చుకుని, తొమ్మిదేళ్ళలో మొదటిసారి నాకు టీ పోయిస్తాడు. పాలు, చక్కెర కూడా. నేను కప్పు అందుకుని, తాగకుండా బల్ల మీద పెడతాను.

"హమద్ మాట వదిలిపెట్టండి," అంటాను.

దొర కప్పును చూస్తాడు. నొచ్చుకోడు, కేకలెయ్యడు. కొత్త పేజీ తీసి తన చేత్తోనే రాసుకుంటాడు. తెగ, బందరు. జనాభా, ఒకడు. పడవలు, లేవు. టీ, తాగలేదు. తరవాత టేపు తెప్పించి నా భుజం నుంచి వేలి కొస దాకా కొలుస్తాడు. తీరం పొడవు అరవైనాలుగు మైళ్ళు వస్తుంది. గడియారం పన్నెండు కొడుతుంది.

నా మోకాళ్ళ దగ్గర అల విరుగుతుంది. చంకలో ఉప్పుగాలి. బీరువాలోంచి సదఫ్ పడవలు ఒక్కొక్కటే వచ్చి నా పక్కటెముకలకు తాళ్ళు కట్టుకుంటాయి. వాటి పక్కనే రిమాల్ పడవలూ ఆగుతాయి. హమద్ మాట కోసం ఎవరూ ఆగలేదు.

నౌకను ఇటు తిప్పమని దొర అంటాడు. పోలయ్య నా మొహం చూడలేక తల వంచుకుని తిప్పుతాడు. ఫిరంగి సూటిగా నా ఎదురుగా ఆగుతుంది.

రెండు తెగల ఆడవాళ్ళూ నా అరచేతిలో వలలు ఆరేసుకుంటున్నారు. నేను చెయ్యి కదపను. కదిపితే వలలు తడుస్తాయి.