ఫీజు లేని సలహా

పుత్తూరు నుంచి తిరుపతి పోయే రోడ్డును వెడల్పు చేసినప్పుడు ఏకాంబరం మామిడితోటలో ఎకరా చిల్లర పోయింది. పరిహారం కింద నలభై ఆరు లక్షలు బ్యాంకులో పడింది. విరిగిన ఎముకలకు కట్లు కట్టడం వాళ్ల ఇంట్లో మూడు తరాలుగా వస్తున్న పని. ముంజేతిని పట్టుకుని కళ్లు మూసుకుంటే లోపల ఎముక ఎక్కడ జరిగిందో చెప్పగలడు ఏకాంబరం. పాసుపుస్తకంలో అంత పెద్ద అంకె చూసినప్పుడు మాత్రం ఏం చేయాలో ఆయనకు తోచలేదు.

వారం తిరక్కముందే తిరుపతి బ్రాంచి నుంచి రవిచంద్ర వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెడలో బ్యాంకు కార్డు. డబ్బున్న ఖాతాదారులకు పెట్టుబడుల గురించి సలహా చెప్పడం తన ఉద్యోగమన్నాడు.

"ఇంత దూరం వచ్చి చెప్తా ఉండావు గదా, నీకేమియ్యాల నాయనా?" అని అడిగాడు ఏకాంబరం.

"మీరేమీ ఇయ్యబన్లేదు పెద్దాయనా. ఇది మా బ్యాంకు సేవ."

ముప్పై లక్షలు మ్యూచువల్ ఫండ్లలో పెట్టించాడు రవిచంద్ర. ఏడాదికి మూడు లక్షలు కట్టే బీమా పాలసీ ఒకటి తీయించాడు. మిగిలింది డిపాజిట్ చేయించాడు. నెలకోసారి వచ్చి, డబ్బు ఎంత పెరిగిందో ఫోనులో చూపించి పోయేవాడు. ఏకాంబరం భార్య సుబ్బులమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రిలో వరసలో నిలబడి చీటీ రాయించింది కూడా అతనే. అట్లాంటివాడి గురించి ఏకాంబరం పదిమందికి చెప్పకుండా ఉండలేకపోయాడు. అదే రోడ్డు కింద భూమి పోయిన మునిరామయ్య, జయరావు, గిరి ఆయన మాట మీదనే రవిచంద్ర తెచ్చిన కాగితాల మీద సంతకాలు పెట్టారు.

"ఏమీ తీసుకోకుండా ఇన్నిసార్లు ఎందుకొస్తాడయ్యా?" అంది సుబ్బులమ్మ ఒకనాడు.

"మంచోడు గాబట్టి," అన్నాడు ఏకాంబరం. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

రెండేళ్లు గడిచాయి. తిరుచానూరు నుంచి దేవనాథన్ అనే పెద్దమనిషిని కూతురు కారులో తీసుకొచ్చింది. ఆయన గుడిలో పనిచేసి రిటైరయ్యాడు. తడి గచ్చు మీద జారిపడి మణికట్టు విరిగింది. కూతురి పేరు గోదాదేవి. నలభై దాటిన మనిషి. కట్టు మొదలుపెట్టకముందే ఎంతవుతుందని అడిగింది.

"కట్టుకు నాలుగు వందలమ్మా. పదైదు దినాలకొకటి, మూడు కట్లు. నూనె దాంట్లోనే వచ్చేస్తాది," అన్నాడు ఏకాంబరం. బద్దలు సర్దుతూ, పెద్దాయన నొప్పి మీదికి మనసు పోనీకుండా మాటలు కలిపాడు. "నువ్వేం జేస్తావమ్మా?"

"డబ్బు ఎట్లా దాచుకోవాలో సలహా చెప్తానండీ. తిరుపతిలో ఆఫీసు."

"మా రవిచంద్ర మాదిరి. ఆ పిల్లోడు పైసా ముట్టడు."

"నేను ఫీజు తీసుకుంటానండీ," అంది గోదాదేవి.

రెండో కట్టుకు వాళ్లు వచ్చేసరికి బీమా కంపెనీ నుంచి ఏకాంబరానికి కాగితం వచ్చి ఉంది. మూడో ఏడు మూడు లక్షలు కట్టాలని అందులో ఉంది. మూడేళ్లు కడితే అయిపోతుందనుకుంటున్నాడు ఆయన. కట్టాల్సిన వాయిదాలు ఇంకా పది ఉన్నాయని ఆ కాగితం చెబుతోంది. దాన్ని గోదాదేవి చేతికిచ్చి చూడమన్నాడు.

ఆమె చదివి, మడిచి తిరిగి ఇచ్చేసింది. "ఇదొక్కటే చూసి చెప్పడం కుదరదండీ. కాగితాలన్నీ తెండి. పదిహేను వేలు తీసుకుంటాను."

"సదివేదానికా?"

"చదివి, లెక్క కట్టి, ఏం చేయొచ్చో రాసి ఇవ్వడానికి."

ఏకాంబరం మొహం ముడుచుకుపోయింది. వాళ్ల నాయన చేతికి తాను తీసుకునేది నాలుగు వందలు. కట్టు బిగించి వాళ్లను పంపేశాడు. ఆ సాయంత్రం భార్యతో చెప్పి విసుక్కున్నాడు. సుబ్బులమ్మ అంతా విని, "ఇంకా పదిసార్లు మూడు లక్షలంటే ఎంతయితాదో సూసుకున్నావా? పోయిరా," అంది.

మరునాడే కాగితాల సంచి తీసుకుని తిరుపతి బస్సెక్కాడు. గోదాదేవి ఆఫీసు మందుల షాపు పైన ఒక్క గది. డబ్బు కట్టి రసీదు తీసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత రమ్మంటే మళ్లీ వెళ్లాడు.

"మీ ఫండ్లు చెడ్డవేమీ కావు," అంటూ మొదలుపెట్టింది ఆమె. "వీటినే నేరుగా కొనుక్కోవచ్చు, మధ్యలో ఒకరి ద్వారా కొనుక్కోవచ్చు. మీరు బ్యాంకు ద్వారా కొన్నారు. అందుకని ఏడాదికి నూటికి దాదాపు ఒక రూపాయి బ్యాంకుకు పోతుంది."

"నేను యాడా ఇయ్యలేదే!"

"మీరు ఇవ్వరండీ. రోజూ కొంచెం కొంచెం కోసుకుని, మిగిలిందే మీకు ఫోనులో చూపిస్తారు. రెండేళ్లకు అరవై వేల దాకా పోయుంటుంది. ఇక బీమా. మొదటి ఏడు మీరు కట్టిన మూడు లక్షల్లో బ్యాంకుకు కమీషన్ లక్షకు దగ్గర దగ్గరగా ముట్టి ఉంటుంది."

ఏకాంబరం ఆ లెక్కల కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "నీకేమియ్యాలని మొదటి దినమే అడిగితే ఏమీ వద్దన్నాడే. దొంగతనం గదమ్మా ఇది?"

"కాదు. మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది చూడండి," అని చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది. "తీసుకోవడం తప్పు కాదు. మీరు నోరు తెరిచి అడిగినా చెప్పలేదు చూశారా, అది తప్పు."

కట్టిన ఆరు లక్షలు ఇప్పుడే వెనక్కి తీసుకుంటే సగం కూడా రాదనీ, ఇకమీద కట్టడం మానేసి అట్లాగే ఉంచితే గడువు తీరాక ఎంతోకొంత వస్తుందనీ చెప్పింది. ఫండ్లను నేరుగా కొనేవాటికి ఒకేసారి మారిస్తే పన్ను పడుతుంది కాబట్టి రెండు మూడేళ్లలో విడతలుగా మార్చుకోమంది. అవన్నీ రెండు పేజీల్లో తెలుగులో రాసి ఇచ్చింది.

ఆ వారంలోనే రవిచంద్ర వాయిదా చెక్కు కోసం వచ్చాడు. సుబ్బులమ్మ కాఫీ ఇచ్చి పక్కనే నిలబడింది.

"నా వల్ల నీకెంత వచ్చినాది రవీ?" అని అడిగాడు ఏకాంబరం, గొంతు పెంచకుండా.

రవిచంద్ర కాఫీ కింద పెట్టాడు. "నాకు రాదు పెద్దాయనా. బ్యాంకుకు వస్తాది. నాకు జీతమే."

"జీతానికేనా ఇన్నిసార్లు తిరిగింది?"

"టార్గెట్ ఉంటాది. ఆ మార్చిలో మీ పాలసీ రాకపోయింటే నా ఉద్యోగం ఉండేది కాదు." అతను తల వంచుకున్నాడు. "ఆస్పత్రికి వచ్చింది మాత్రం దానికోసం కాదు. నమ్మండి."

"నమ్ముతా. ఆ మార్చి మాట ఆ దినమే చెప్పింటే బాగుండేది అప్పా."

చెక్కు ఇవ్వలేదు ఏకాంబరం. రవిచంద్ర కాఫీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

కోపం రెండు రోజుల్లో తగ్గింది. ఆ తర్వాత మొదలైంది అసలు బాధ. రవిచంద్రను ఆ ముగ్గురి ఇళ్లకు పంపింది తానే. ఆదివారం పొద్దున కట్లు ఆపి వాళ్ల దగ్గరికి బయలుదేరాడు. జయరావు అంతా విని, "పోనీలే, మా పాప పెండ్లికి వచ్చి ఒకపూటంతా పని చేసినాడు," అన్నాడు. గిరి తల ఊపాడు గానీ, వింటున్నట్టు అనిపించలేదు.

మునిరామయ్య మాత్రం అరుగు మీద నుంచి లేవకుండానే అన్నాడు: "వాణ్ణి మాకు అంటగట్టినందుకు నీకెంత ముట్టినాది ఏకాంబరం?"

ఏకాంబరానికి చెంప మీద కొట్టినట్టయింది. ఒక్క పైసా ముట్టలేదని చెప్పబోయాడు. రెండేళ్లు రవిచంద్ర చెబుతూ వచ్చింది సరిగ్గా ఆ మాటే. అందుకని చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చేశాడు.

రెండు నెలల తర్వాత, కట్ల కోసం జనం వరసలో కూర్చుని ఉండగా, మునిరామయ్య వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చంకలో ప్లాస్టిక్ కవరు.

"నాకూ కాగితం వచ్చినాదప్పా," అన్నాడు, కళ్లు కలపకుండా. "ఆ యమ్మ యాడ ఉండేది?"

ఏకాంబరం చేతులకున్న నూనె తుడుచుకుని, ఒక చీటీ మీద చిరునామా రాసి ఇచ్చాడు.

"నువ్వు రావా తోడు?"

"రాను. నువ్వే పో. నేను పంపినానని కూడా చెప్పబాకు. ముందు నువ్వెంత తీసుకుంటావమ్మా అని అడుగు. చెప్పింది నీకు సరిపోతేనే కవరు తెరువు. లేకపోతే లేసి వచ్చేసెయ్."

మునిరామయ్య చీటీని రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నాడు. "అంటే నామీద కోపం పోలేదన్నమాట."

"పోలేదు," అన్నాడు ఏకాంబరం. "బస్సు పదిన్నరకు ఉండాది. బిన్నా పో."