పంచె మీద పాపికొండలు

రోజూ బొగ్గుబావిలోకి దిగే పిచ్చయ్యకు నీళ్ళంటే హడల్. అయినా పాపికొండల లాంచీలో భార్య పున్నమ్మ వణికిపోతే తానే చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పానని వియ్యంకుడి దగ్గర కోతలు కోశాడు.

ఆదివారం వియ్యంకుడు ఇంటికి వస్తే, అల్లుడు క్లబ్బు నుంచి స్లైడు ప్రొజెక్టరు తెచ్చాడు. క్వార్టరు గోడకు పిచ్చయ్య పంచెనే తెరగా కట్టారు. భద్రాచలం మెట్లు, పర్ణశాల అయిపోయాయి. ఇక వచ్చేది లాంచీ ఫొటో. పిచ్చయ్య గబుక్కున లేచి తెరకు అడ్డం నిలబడ్డాడు.

ఫొటో కాస్తా ఆయన తెల్ల బనీను మీద పడింది. పున్నమ్మ తీరిగ్గా సీతాఫలం తింటోంది. పక్కన పిచ్చయ్య కళ్ళు మూసుకుని ఆమె కొంగు రెండు చేతులా పట్టుకున్నాడు.

"గిదేంది బావగారూ! భయపడ్డ మనిషి పండు తింటదా? కండ్లు మూసుకున్నదెవరు?" అన్నాడు వియ్యంకుడు.

"నేనే మూసుకోమన్న అన్నయ్యగారూ! గింజలు ఊస్తున్న, కండ్లల్ల పడతయని," అంది పున్నమ్మ.

"అవ్, గదే!" అన్నాడు పిచ్చయ్య.

అందరూ ఘొల్లుమన్నారు. ఆయన వచ్చి పక్కన కూర్చోగానే పున్నమ్మ కొంగు అందించింది.

"పట్టుకో. లాంచీ ఇంకా ఒడ్డుకు రాలే."