వెనకాల అడుగులు

నిరుపమకు ఏమీ కాలేదు. న్యూజిలాండ్‌లోని హెండర్సన్‌లో తెలిసిన తెలుగువాళ్ళంతా ఇదే మాట అన్నారు. డెయిరీ యజమాని జనార్ధనరావు అన్నాడు, ఆయన భార్య మంగాదేవి అంది, ఒంగోలు నుంచి అమ్మ ఫోన్లో ఏడుస్తూ అంది. దేవుడి దయ, ఏమీ కాలేదు, ఇంక ఆ మాట ఎత్తకు.

కాలేదట!

అయింది ఇది. డెయిరీ అంటే ఇక్కడ వీధి మలుపులో పాలూ బ్రెడ్డూ సిగరెట్లూ అమ్మే చిన్న కొట్టు. చలికాలం, చీకటి పడుతోంది. కౌంటర్లో నిరుపమ ఒక్కతే, తలుపుకు వీపు పెట్టి సిగరెట్ల అర సర్దుతోంది. మంగాదేవి వెనక గదిలో పెట్టెలు విప్పుతోంది. పేవ్‌మెంట్ మీద బూట్ల చప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చింది. తలుపు గంట మోగింది. తిరిగి చూసేసరికి హుడ్లు ముఖాల మీదికి లాక్కున్న ముగ్గురు లోపలున్నారు. ఒకడి చేతిలో సుత్తి. అది కౌంటర్ మీద, నిరుపమ చేతికి జానెడు దూరంలో పడింది.

కౌంటర్ కింద పోలీసులకు కబురు పోయే ఎర్ర బొత్తాం ఉంది, నొక్కాలి. వెనక గది తలుపు పక్కనే ఉంది, పోవాలి. కాళ్ళు కదల్లేదు. వాళ్ళు అర ఊడబెరుక్కుని పోయాక కూడా కదల్లేదు. మంగాదేవి వచ్చి భుజం పట్టుకుని ఊపితే నిలబడ్డ చోటే కూలబడింది.

తర్వాత కౌంటర్‌కి గాజు పలక బిగించారు. నొక్కితే కొట్టంతా పొగ నింపే యంత్రం బిగించారు. మనిషి కాళ్ళలో బిగుసుకున్నదాన్ని విప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు. అప్పట్నుంచి వెనకాల ఎవరు పరిగెత్తినా నిరుపమ అంతే. బస్సు తప్పిపోతుందని ఉరికే స్కూలు పిల్ల, కుక్కను జాగింగ్‌కి తీసుకెళ్ళే పెద్దమనిషి, ఎవరైనా సరే. మోకాళ్ళు రాళ్ళయిపోతాయి.

ఆమె పగటి డ్యూటీకి మారింది. సాయంత్రాలు మంగాదేవి నిలబడుతోంది. ఆవిడకు కాళ్ళవాపులు. జనార్ధనరావు చెడ్డవాడు కాదు, మెత్తగానే అడిగాడు. "స్ప్రింగ్ వచ్చాక సాయంత్రాలు నువ్వే చూసుకోవాలమ్మా. కుదరదంటావా, చెప్పెయ్, వేరే మనిషిని పెట్టుకుంటాను."

మెత్తగా అడిగినా కోసేది కత్తే కదా.

ఆ రాత్రి ఫ్లాట్‌లో తనతో ఉండే కావ్యశ్రీకి చెప్పింది. కావ్యశ్రీది కరీంనగర్, సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఖాళీ దొరికితే పరుగే పరుగు.

"నాతోని హాఫ్ మారథాన్ ఉరుకు," అంది కావ్యశ్రీ.

"ఇరవయ్యొక్క కిలోమీటర్లా? నేనా?"

"నీ ఎనక వేల మంది ఉరుకుతరు. గప్పుడు తేలుతది నీ కాళ్ళ సంగతి."

"చంపుతావా ఏంటే?"

"సస్తే నేనే మోస్త తీయ్."

నిరుపమ సరే అంది. ధైర్యం వచ్చి కాదు. తనలో తను ఒక పందెం వేసుకుంది. ఆ జనంలో కాళ్ళు మొరాయించకపోతే సాయంత్రం కౌంటర్లోకి పోవడం. మొరాయిస్తే ఉద్యోగానికి దండం పెట్టి రావడం.

కాళ్ళు మెల్లగా తయారయ్యాయి. "తల గూడ తయారు గావాలె," అనేది కావ్యశ్రీ. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు డెయిరీ దగ్గర ఆగి, నిరుపమను వెనక గదిలో పెట్టె మీద కూర్చోబెట్టేది. "కండ్లు మూస్కో. ఫినిష్ లైన్ జూడు. మెడల పతకం ఏస్తున్నరు. చప్పట్లు ఇనవడుతున్నయా?" తర్వాత, ఊపిరి తీసినప్పుడల్లా ఒక మాట: నేను గట్టిదాన్ని. ఇవి రెండూ నిరుపమకు బాగానే వచ్చాయి.

మూడోది వచ్చేసరికి చిక్కు వచ్చింది. "ఇగ జూడు, అసలైంది ఇది. ఏమేం ఖరాబైతయో ముందే నోటితోని జెప్పుకోవాలె. గట్లయితే నేను గిట్ల జేస్త అని."

నిరుపమ మొదలుపెట్టింది. "వెనక నుంచి హుడ్ వేసుకున్నవాడు పరిగెత్తుకొచ్చి..."

"నోర్ముయ్యవే అమ్మాయ్!" మంగాదేవి కౌంటర్ వదిలేసి వచ్చేసింది. "సంధ్యవేళ ఏం కూతలవి? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నువ్వన్న దానికి 'తథాస్తు' అనేస్తే?"

"ఆంటీ, ఆళ్ళు న్యూజిలాండ్‌కు గూడ వస్తరా?"

"మనం రాలా? వాళ్ళకేం రోగం?"

"వీసా ఎట్ల దొరికిందో అడుగుండ్రి, మా తమ్మునికి రిజెక్ట్ అయింది."

ముగ్గురూ నవ్వారు. కానీ నిరుపమ నోరు మూతపడింది. చిన్నప్పట్నుంచి అమ్మ అదే మాట చెప్పి మూతి మీద కొట్టి పెంచింది. చెడ్డమాట అంటే చెడు జరుగుతుంది. జరిగినా అనకూడదు. అందుకని నిరుపమ మంచిని మాత్రమే సాధన చేసింది. పతకం, చప్పట్లు, గట్టిదాన్ని. సుత్తి గురించి ఒక్క ముక్క పైకి అనలేదు. లోపల అది ఎక్కడికీ పోలేదు.

పరుగు రోజు పొద్దున్నే తుంపర. చలిగాలి. బయలుదేరే చోటికి వచ్చి చూసిన నిరుపమ రెండడుగులు వెనక్కి వేసింది. వేల మంది. సగం మంది వాన కోటు హుడ్లు నెత్తిమీదికి లాక్కుని ఉన్నారు. ముఖాలు కనబడవు.

"నేను పోతా కావ్యా. ఇంటికి పోతా."

"నా ఎనక రా. నా జడ జూస్కుంట రా."

హారన్ మోగింది. కావ్యశ్రీ జడ కాసేపు కనబడింది, తర్వాత ఆ జనంలో కలిసిపోయింది. నిరుపమ అంచున పరిగెత్తింది, రెయిలింగ్‌ని ఆనుకుని, పారిపోవడానికి సందు చూసుకుంటూ. వెనకాల అడుగులు. టప టప టప. ప్రతి జత అడుగులూ దగ్గరకొచ్చేకొద్దీ వీపు చర్మం ముడుచుకునేది. దాటిపోయాక ఊపిరి వదిలేది. మళ్ళీ ఇంకో జత. పరిగెత్తుతున్నది కాళ్ళతో కాదు, వీపుతో.

సగం దాటింది. మడ చెట్ల పక్క దారి అయిపోయి, మోటర్‌వే కింద నుంచి పోయే సొరంగంలాంటి దారి వచ్చింది. లోపలికి అడుగు పెట్టీ పెట్టగానే చప్పుడు మారిపోయింది. వెనకున్న పదిమంది అడుగులు గోడలకు కొట్టుకుని నూరుమంది అడుగులయ్యాయి. చీకటి. తడి. తలమీద లారీల ఉరుము. ఆ ఉరుములో ఎక్కడో గంట మోగినట్టయింది.

కాళ్ళు ఆగిపోయాయి.

గోడకు వీపు ఆనించి నిలబడింది. నేను గట్టిదాన్ని, నేను గట్టిదాన్ని. మాట నాలుక మీదే ఎండిపోయింది. కళ్ళు మూసుకుని ఫినిష్ లైన్‌ను పిలిచింది. వచ్చింది. పతకం వచ్చింది. పతకం పట్టుకున్న చేతిలోనే సుత్తి ఉంది.

అయిపోయింది, అనుకుంది. ఇక్కడే. ఉద్యోగం పోయింది, కాళ్ళు పోయాయి, ఇక జీవితమంతా గోడకు ఆనుకుని బతకాలి.

అప్పుడు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఏమీ కాలేదన్న ప్రతివాళ్ళ మీదా కోపం.

"వస్తారు," అంది పైకే. గొంతు కీచుమంది. "వెనక నుంచి వస్తారు. హుడ్లుంటాయి. సుత్తి ఉంటుంది. తథాస్తు అంటారా, అనుకోండి! కొడతారు. కొడితే..."

అక్కడ ఆగింది. ఇన్నాళ్ళూ ఎవరూ ఆ 'కొడితే'కి అవతల ఏముందో చూడనివ్వలేదు. తనూ చూడలేదు.

"కొడితే పక్కకు జరుగుతా. గోడ పట్టుకుని జరుగుతా."

చెయ్యి గోడ మీద వేసింది. తడి సిమెంటు గరుకుగా తగిలింది. కుడికాలు, ఆ మొండిముండ, జరిగింది.

ఒక తెల్లజుట్టావిడ పరుగు ఆపి దగ్గరకొచ్చింది. డెబ్బై ఏళ్ళుంటాయేమో, వంకాయరంగు నిక్కరు, బురద కొట్టుకున్న పిక్కలు. "ఎవరితో మాట్లాడుతున్నావు, లవ్?" అంది ఇంగ్లీషులో, 'అమ్మా' అన్నట్టుగా.

"భయమేస్తోంది. వెనకాల అడుగులంటే భయం."

ఆవిడ ఎందుకని అడగలేదు. ఏమీ కాదులే అనలేదు. "సరే. నేను నీ ముందుండనా, వెనకుండనా?"

నిరుపమను ఇంతవరకూ ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు.

"వెనక. కానీ మాట్లాడుతూ ఉండండి. మీరేనని తెలియాలి."

ఆవిడ మాట్లాడింది! తుంటి ఆపరేషన్ గురించి, పక్కింటి చేపను ఎత్తుకొచ్చిన పిల్లి గురించి, కౌన్సిల్ వాళ్ళు వీధిని తవ్వి వదిలేసిన గుంట గురించి. భయం పోయిందనుకునేరు. పోలేదు. ప్రతి మలుపులో నిరుపమ వెనక్కి తిరిగి చూసింది. కానీ వెనకాల ఉన్న అడుగుల్లో ఒక జతకు గొంతుంది. దాన్ని పట్టుకుని పోయింది.

ఫినిష్ లైన్ దగ్గర కావ్యశ్రీ గెంతుతోంది. "ఎంతసేపే! సచ్చినవనుకున్న!"

"అనవే, అను," అంది నిరుపమ మోకాళ్ళ మీద చేతులానించి వంగి, ఏడుస్తూ. "పైకి అంటేనే మంచిది." తెల్లజుట్టావిడ కోసం వెనక్కి తిరిగింది. ఆవిడ అప్పటికే మఫిన్ల బల్ల దగ్గర ఇంకెవరికో పిల్లి కథ చెబుతోంది.

కాళ్ళు మొరాయించినా మళ్ళీ కదిలాయి, పందెంలో నిరుపమ ఆ కదిలినదాన్నే లెక్కేసుకుంది. సోమవారం సాయంత్రం జనార్ధనరావు తాళాలు ఇవ్వబోయాడు. "పతకం కొట్టావటగా! భయం పోయింది కదమ్మా, ఇంకేం."

"పోలేదు అంకుల్. భయం ఉంది. సాయంత్రాలు నిలబడతాను గానీ ఒక్కదాన్ని నిలబడను. నా వెనక ఇంకో మనిషి ఉండాలి. ఈ వెనక గదికి లోపల గొళ్ళెం కావాలి. వాళ్ళు మళ్ళీ వస్తారు. వస్తే సిగరెట్లు వాళ్ళవి, ప్రాణం నాది. బొత్తాం నొక్కి గదిలోకి పోతా."

మంగాదేవి చెంపలు వేసుకుంది. "సంధ్యవేళే, నిరూ!"

"ఇప్పుడే అనాలి ఆంటీ. వాళ్ళొచ్చేది ఈ వేళకే."

జనార్ధనరావు తల గోక్కున్నాడు. "రెండో మనిషంటే... కొట్టులో ఇంక నాకు మిగిలేదేముంటుందమ్మా?"

"మనుషులు మిగులుతారు."

ఆయన భార్య వైపు చూశాడు, సాయం వస్తుందని. మంగాదేవి నేల చూపులు చూస్తోంది. ఆవిడ తలెత్తకుండానే అంది, "గొళ్ళెం పెట్టించండి. ఆ బూట్ల చప్పుడు నాకు స్నానాల గదిలో కూడా వినబడుతోంది. నీళ్ళు కట్టేసి వింటూ కూర్చుంటున్నాను." మొగుడికి ఆ మాట చెప్పడం అదే మొదలని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

గొళ్ళెం వచ్చింది. రెండో మనిషి దొరికేదాకా మంగాదేవే వెనక గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరూ పైకి చెప్పుకునేవారు. వస్తే నువ్వు బొత్తాం. నేను తలుపు. పడితే లేవకు, పాకు. చెప్పిన ప్రతిసారీ మంగాదేవి పైకి చూసి ఒక దండం పెట్టేది, మానలేదు.

ఆ వారంలోనే వాన పడ్డ సాయంత్రం, పేవ్‌మెంట్ మీద బూట్లు పరిగెత్తుకుంటూ వచ్చాయి. గంట మోగింది. హుడ్.

నిరుపమకు బుర్ర పనిచేయలేదు. కళ్ళు తెరిచేసరికి గదిలో ఉంది, చీకట్లో. గొళ్ళెం పడి ఉంది. బొత్తాం నొక్కిందో లేదో గుర్తులేదు. మంగాదేవి వేళ్ళు ఆమె మోచేతిలోకి దిగిపోతున్నాయి.

బయట నుంచి ముసలి గొంతు, వానకు పరిగెత్తుకొచ్చి ఎగపోస్తూ, "హలో? ఎవరైనా ఉన్నారా? బ్రెడ్ కావాలి!"

మంగాదేవి నోట్లో చీరకొంగు కుక్కుకుంది. నవ్వో ఏడుపో తెలియదు. నిరుపమ గోడ పట్టుకుని తన కాళ్ళవైపు చూసుకుంది. గజగజలాడుతున్నాయి. కానీ ఇక్కడిదాకా వచ్చాయి.

"వన్ మినిట్!" అని అరిచి, గొళ్ళెం తీసింది.