వేన్నీళ్ళ మేస్త్రి చెయ్యి

బాయిలర్ ముందు రేకు విప్పి, దాని నాలుగు మరలూ పోకుండా చొక్కా జేబులో వేసుకుని, మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మోకాళ్ళు రెండూ ఒకదాని తర్వాత ఒకటి టక్కుమన్నాయి. "మీరు కాసేపు ఊరుకోండి, నేను దీని మాట వినాలి" అని వాటిని మందలించి, చెవి బాయిలర్‌కి దగ్గరగా పెట్టాడు. లోపల మంట సన్నగా, ఒకే శ్రుతిలో ఊదుతోంది. ఆ చప్పుడులో తప్పేమీ లేదు. పోయినసారి వచ్చినప్పుడూ లేదు. అంతకు ముందుసారీ లేదు.

అదే అతన్ని కంట్లో నలుసులా బాధిస్తోంది. ఒకే ఇంటికి, ఒకే రోగానికి, మూడు వారాల్లో మూడోసారి రావడం నలభై ఏళ్ళ పనిలో ఎన్నడూ లేదు.

రోగమల్లా నీళ్ళు ఒక తీరుగా రాకపోవడమే. కింది వాటా పెద్దకోడలు గిన్నెలు కడగడానికి కుళాయి తిప్పితే ఒకనాడు సలసల కాగేవి, ఒకనాడు పాలు తోడెయ్యడానికి సరిపోయేవి. మేడ మీద చిన్నకోడలు తలకి సబ్బు రాసుకునేదాకా వేడిగా వచ్చి, సరిగ్గా కళ్ళు మూసుకున్నాక మంచుముద్దలయ్యేవి. ఇద్దరికీ కలిపి ఒకటే బాయిలర్. కాబట్టి నీళ్ళు చల్లబడిన ప్రతిసారీ తప్పు రెండో వాటాదే. పది రోజుల కిందటి నుంచి తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు. ఇంట్లో ఉప్పు కావాలన్నా, ఉత్తరం వచ్చిందన్నా, బస్సు నడిపి రిటైరైన మామగారే మెట్లెక్కి దిగి కబురు చేరవేస్తున్నాడు.

"నలభై ఏళ్ళు బస్సు నడిపాను మేస్త్రీ, ఇన్ని ట్రిప్పులు కొట్టలేదు" అన్నాడు పెద్దాయన, బాయిలర్ గది గుమ్మంలో నిలబడి. "ఈసారైనా తేల్చెయ్యండి. లేకపోతే ఇల్లు మధ్యకి కోసేలా ఉన్నారు."

"తేలుస్తానండీ" అన్నాడు మేస్త్రి. గొంతులో ఉన్న ధీమా గుండెలో లేదు.

అందుకు కారణం అతని కుడిచెయ్యి. అందరూ అతన్ని వేన్నీళ్ళ మేస్త్రి అనేది ఆ చేతిని చూసే. కుళాయి కింద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "నలభై రెండు" అనేవాడు. పక్కన థర్మామీటర్ పెట్టి చూస్తే నలభై రెండే. కొత్తగా కాపురాలు పెట్టినవాళ్ళు అదేదో గారడీలాగా చుట్టాలని పిలిచి మరీ చూపించేవారు. పెళ్ళైన కొత్తలో అతని భార్య కూడా మూడు గ్లాసుల్లో మూడు రకాల నీళ్ళు పోసి పరీక్ష పెట్టింది. మూడూ చెప్పాడు. నాలుగో గ్లాసు అని ఆమె బుగ్గ చూపిస్తే దానికీ ఒక అంకె చెప్పాడు. ఆ అంకె ఏమిటో వాళ్ళిద్దరికే తెలుసు.

రెండేళ్ళ కిందట వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. తర్వాత అరచెయ్యి, తర్వాత మణికట్టు దాకా. డాక్టరు సూదితో గుచ్చి చూసి, షుగరు సంగతి కొంతా, వేడి గొట్టాల సంగతి కొంతా చెప్పి, పోయిన స్పర్శ తిరిగి రాదన్నాడు. మేస్త్రి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచీ ఆవిరి చూసి, గొట్టం చప్పుడు విని, ఇంటివాళ్ళ ముఖం కనిపెట్టి నెట్టుకొస్తున్నాడు. థర్మామీటర్ ఉంది. కానీ పదిమందిలో అది బయటికి తియ్యడమంటే నలుడు వంట పుస్తకం తెరిచినట్టుగా ఉంటుందని అతని బాధ. ఈ ఇంట్లో కూడా రెండుసార్లు కుళాయి కింద చెయ్యి పెట్టి, "బాగానే ఉందండీ" అనేసి వెళ్ళాడు. ఎందుకైనా మంచిదని పోయినసారి బాయిలర్ వేడి కాస్త పెంచాడు కూడా.

ఇప్పుడు వంటింట్లోకి వచ్చి పెద్దకోడల్ని కుళాయి తిప్పమన్నాడు. కిటికీ తెరిచి ఉంది. ఎండ నేరుగా తొట్టి మీద పడుతోంది. నీళ్ళ కింద చెయ్యి పెట్టాడు.

"గోరువెచ్చగా ఉన్నాయి కదమ్మా" అన్నాడు.

పెద్దకోడలు కుళాయి కట్టేసి, అతని చెయ్యి పట్టుకుని పక్కకి లాగి చన్నీళ్ళ కింద పెట్టింది. మణికట్టు దాకా ఎర్రగా కందిపోయి ఉంది. ఎండ వెలుతురులో ఆవిరి అతని కంటికి ఆనలేదు.

"ఎన్నాళ్ళయింది మేస్త్రి గారూ?" అంది, గొంతు తగ్గించి.

అబద్ధమాడదామంటే నోరు రాలేదు. "రెండేళ్ళు."

"ఇంట్లో పిన్నిగారికి తెలుసా?"

"తెలిస్తే పని మానిపిస్తుందమ్మా. పని మానేస్తే నేనెవర్ని? ఇంట్లో కూర్చునే ఇంకో ముసలాణ్ణి."

ఆమె అతని చేతికి మందు రాసి, చీర కొంగు నడుముకి దోపుకుంది. "నా చెయ్యి ఉంది కదా. పదిహేనేళ్ళుగా అంట్లు తోముతున్న చెయ్యి, వేడీ చల్లనా ఆ మాత్రం చెప్పదా? ఎక్కడ పెట్టమంటారో చెప్పండి."

మేస్త్రికి ఒక్కసారిగా ఏదో బరువు దిగినట్టయింది. దాంతోపాటు బుర్ర కూడా తేలికపడింది. రెండేళ్ళుగా సగం తెలివి చెయ్యి దాచుకోవడానికే ఖర్చవుతోందని అప్పుడు తెలిసింది. గోడకానుకుని నిలబడి మొదటి నుంచీ ఆలోచించాడు. బాయిలర్ మంచిదే. మంట సరిగ్గా ఉంది. గొట్టాల్లో పాచి లేదు, పోయినసారి కడిగాడు. కాచిన నీళ్ళు కాచినట్టే బయల్దేరుతున్నాయి, దారిలో చల్లబడుతున్నాయి. అంటే దారిలో ఎవరో కలుస్తున్నారు.

"ఒక్క చెయ్యి చాలదమ్మా. పైన ఇంకో చెయ్యి కావాలి" అన్నాడు.

పెద్దకోడలు ముఖం ముడుచుకుంది. "మావయ్య గారిని పంపిస్తాను."

"ఆయన చెయ్యి స్టీరింగు పట్టిన చెయ్యి, దానికేం తెలుస్తుంది? చిన్నమ్మాయిగారే కావాలి."

చిన్నకోడలు మేడ మీద స్నానాల గది కుళాయి దగ్గర నిలబడింది. పెద్దకోడలు వంటింట్లో. మేస్త్రి బాయిలర్‌లోకి చన్నీళ్ళు వెళ్ళే దారి పూర్తిగా కట్టేశాడు. "ఇప్పుడు దీంట్లోకి చుక్క పోదు. పోకపోతే బయటికీ రాకూడదు. వేడినీళ్ళ కుళాయి ఒక్కటే తిప్పండి. పైన వస్తున్నాయేమో అడగండి."

"మీరే అడగండి" అంది పెద్దకోడలు.

"నాకు చెవులు కూడా అంతంత మాత్రమేనమ్మా" అన్నాడు మేస్త్రి. బాయిలర్ గుండె చప్పుడు వినే చెవులవి. ఆ అబద్ధం మాత్రం నోటికి తేలిగ్గానే వచ్చింది.

పెద్దకోడలు మెట్ల వైపు తిరిగి, ఎవర్నీ కానట్టు గాలిలోకి అడిగింది. "వస్తున్నాయా?"

పైనుంచి జవాబొచ్చింది. "వస్తున్నాయి."

"వేడా, చల్లనా?"

"మొదట వెచ్చగా వచ్చాయి. ఇప్పుడు చల్లగా. అక్కడో?"

"ఇక్కడా చల్లగానే. ఆగట్లేదు."

"ఇక్కడా ఆగట్లేదు అక్కా."

అక్కా అన్న మాట పది రోజుల తర్వాత మెట్ల మీంచి జారి కింద పడింది. ఎవరూ దాన్ని ఏరుకోలేదు కానీ, పెద్దకోడలు మరో ప్రశ్న అక్కర్లేకపోయినా అడిగింది. "బాగా చల్లగా ఉన్నాయా? అయితే చెయ్యి తీసెయ్, జలుబు చేస్తుంది."

మేస్త్రి తల ఊపాడు. వాకిలి మూసేసినా చుట్టం ఇంట్లో ఉన్నాడంటే పెరటి దారిన వచ్చాడన్నమాట. కుళాయిలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళాడు. కింద మూడు, పైన మూడు. అన్నీ బుద్ధిగా కట్టే ఉన్నాయి. చివరికి పెరట్లోకి వచ్చాడు.

పెరటి గోడ పక్కన టమాటా నారు కుండీలు వరసగా ఉన్నాయి. వాటి పక్కన తళతళలాడే కొత్త కుళాయి, వేన్నీళ్ళకొక పిడి, చన్నీళ్ళకొక పిడి. దానికి రబ్బరు గొట్టం, గొట్టం చివర బొటనవేలితో నొక్కితే జల్లు కురిసే పరికరం. పిడులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. చివర జల్లు మాత్రం కట్టేసి ఉంది.

"ఇది పోయినసారి నేను చూడలేదే" అన్నాడు మేస్త్రి.

"అట్టపెట్టె బోర్లించి ఉంచానులెండి, చలికి పాడవుతుందని" అన్నాడు పెద్దాయన గర్వంగా. "నేనే బిగించాను. మూడు వారాలైంది. ఈ చలికి నారు మీద చన్నీళ్ళు పోస్తే పాపం వణుకుతాయి. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు చల్లుతాను. ఇవాళ ఆలస్యమై, ఇందాక మీరు వంటింట్లో గోడకానుకుని ఆలోచిస్తుంటే చల్లి వచ్చాను. మాటిమాటికీ రెండు పిడులూ ఎవరు తిప్పుతారు? జల్లు ఒక్కటీ కట్టేస్తే చాలు. రాత్రి గుర్తుంటే పిడులు కూడా కట్టేస్తాను."

మేస్త్రి అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. నవ్వు ఆపుకోవడానికి కాస్త సమయం పట్టింది. కోడళ్ళిద్దరూ కూడా గుమ్మంలోకి వచ్చారు.

"అయ్యా, రెండు దారులూ తెరిచి చివర మూత పెట్టారు. చన్నీళ్ళకి జోరెక్కువ. బయటికి దారి లేక, వెనక్కి తిరిగి వేడినీళ్ళ గొట్టంలోకి దూరుతున్నాయి. అక్కణ్ణించి ఇల్లంతా. మీరు పిడులు మరిచిపోయిన రోజు చల్లన. గుర్తున్న రోజు, నేను వేడి పెంచిన పుణ్యమా అని, సలసల. చన్నీళ్ళకి వేన్నీళ్ళు తోడంటారు. మీ ఇంట్లో వేన్నీళ్ళకి చన్నీళ్ళు తోడయ్యాయి."

పెద్దాయన కుళాయిని చూశాడు, కోడళ్ళని చూశాడు. "అంటే ఈ పది రోజులూ నేను మోసిన రాయబారాలన్నీ..."

"మీ టమాటాల తరఫున" అంది చిన్నకోడలు. ముందు పెద్దకోడలు నవ్వింది. తర్వాత ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. పెద్దాయన చిన్నబుచ్చుకున్నట్టు నటించి, నారు వైపు తిరిగి, "విన్నారా, మిమ్మల్నే అంటున్నారు" అన్నాడు.

మేస్త్రి ఆ కుళాయి వెనక రెండు గొట్టాలకీ, నీళ్ళని ముందుకే తప్ప వెనక్కి పోనివ్వని చిన్న వాల్వులు బిగించాడు. మొద్దుబారినా మర ఎంత తిప్పాలో వేళ్ళు మరిచిపోలేదు. తర్వాత బాయిలర్ వేడి తగ్గించి, రెండు వాటాల్లో రెండు చేతులు పెట్టించి, కిందా పైనా ఒకే మాట వచ్చేదాకా సరిచేశాడు. "సరిగ్గా ఉంది" అంది కింది చెయ్యి. "ఇక్కడా అంతే" అంది పై చెయ్యి.

వెళ్ళేటప్పుడు పెద్దకోడలు గేటు దాకా వచ్చింది. "పిన్నిగారికి చెప్పండి మేస్త్రి గారూ. ఇవాళే" అంది.

అతను ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. భార్య స్నానానికి బకెట్టులో నీళ్ళు పెట్టి ఉంచింది. అతను స్నానాల గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, ముఖం కనపడకుండా ఉంటే చెప్పడం తేలికని లోపలి నుంచే అన్నాడు.

"ఇదిగో, నీకో మాట చెప్పాలి. నా కుడిచేతికి..."

"వేడి తెలీదు" అంది ఆమె బయట నుంచి. "ఎడమ చెయ్యి మాత్రం ఏం బాగుంది కనక."

చెంబు అతని చేతిలోనే ఆగిపోయింది. "నీకెలా తెలుసు?"

"పోయిన చలికాలం పొయ్యి మీద గిన్నె ఒట్టి చేతుల్తో దించి, ఏమీ కానట్టు నాతో కబుర్లు చెబుతూ నిలబడ్డారు. ఆ రోజు నుంచీ మీ బకెట్టు నేనే కలుపుతున్నాను. గమనించలేదా?"

నిజమే, గమనించలేదు. ఏడాదిగా నీళ్ళు ఎందుకంత హాయిగా ఉంటున్నాయో ఒక్కనాడూ ఆలోచించలేదు. నీళ్ళ సంగతి తెలిసిన మనిషినని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాడు.

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏముంది, బకెట్టు ఎక్కడికి పోతుంది, నేనెక్కడికి పోతాను?"

అతను చెంబుతో ముంచి భుజాల మీద పోసుకున్నాడు. భుజాలకి ఇంకా తెలుస్తోంది. కళ్ళు మూసుకుని, "నలభై ఒకటి" అన్నాడు.

"నలభై" అంది ఆమె. "పసిపిల్లల నీళ్ళు చూసినట్టు మోచేత్తో చూశాను. మోచెయ్యి అబద్ధం చెప్పదు."

ఆ తోడికోడళ్ళ ఇంట్లో చేసిందే అతని ఆఖరి పని. మర్నాడు పాత స్నేహితుడు బక్క మేస్త్రికి తన ఇళ్ళన్నీ అప్పజెప్పాడు. అయినా ఫోన్లు ఆగలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, "మీ చెయ్యి పెట్టండి. ఇప్పుడెలా ఉంది? ఇంట్లో ఇంకా ఎవరెవరున్నారు? వాళ్ళ చేతులు కూడా పెట్టమనండి" అంటూ సగం రోగాలు అక్కడి నుంచే కుదిర్చేవాడు. మూడేళ్ళు అలా హాయిగా గడిచాయి. ఒక పొద్దున స్నానం చేసి, తల తుడుచుకుని ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. భార్య టీ తెచ్చేసరికి నిద్రపోతున్నట్టున్నాడు. మెడ మీద చెయ్యి వేసి చూసింది. ఇంకా వెచ్చగానే ఉంది కానీ, మనిషి వెళ్ళిపోయాడు.

తర్వాత ఒక వారానికి ఎవరో ఫోన్ చేసి, నీళ్ళు ఒకసారి వేడిగా, ఒకసారి చల్లగా వస్తున్నాయన్నారు. "ఆయన లేరు బాబూ" అంది ఆమె. ఫోన్ పెట్టెయ్యబోయి, "ముందు మీ కుళాయిలన్నీ కట్టి ఉన్నాయో లేదో చూసుకోండి" అని చెప్పింది.

ఆ తోడికోడళ్ళ ఇంట్లో ఆ తర్వాత నీళ్ళ గొడవ రాలేదు. వాల్వులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, పెద్దాయన ఏటా టమాటా నారు పోస్తున్నాడు. పెరటి కుళాయికి రాగి తీగతో కట్టిన ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. ఆ రోజు వెళ్ళబోయే ముందు మేస్త్రి పెన్సిలుతో దాని మీద, "వాడాక రెండూ కట్టెయ్యవలెను" అని రాసి కట్టాడు. ఆ కింద, బస్సు ట్రిప్పుల లెక్క ఇరుకు గళ్ళలో రాసి రాసి అలవాటైన చిన్న అక్షరాలతో, పెద్దాయన రాసిన "చిత్తం" కూడా ఉంది.