క్రాంతి వేసిన పిడికెడు

పొద్దున్నే ఎసరు పెట్టగానే సలోమి చేసే మొదటి పని, వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వెయ్యడం. కొల్లేటి పక్కనున్న ఆ పేటలో క్రైస్తవుల ఇళ్లన్నిటా ఉన్న అలవాటే అది. పూటపూటా అలా వేసినవి ఆదివారం గుడికి పట్టుకెళ్లి పాస్టరమ్మగారి చేటలో పోస్తారు. పేటలో ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే ఆ బియ్యం వాళ్లకి వెళ్తాయి.

సలోమి కుండలో మాత్రం ఆవిడ వేసిన పిడికెడు పక్కన ఇంకో చిన్న కుప్ప ఉండేది. అది కొడుకు క్రాంతి వేసేది. బతికున్నప్పుడూ అంతే, అమ్మ వెయ్యగానే "నేనూ వేస్తా" అని గోల చేసి, సగం నేల మీద ఒలకబోసి మరీ వేసేవాడు. ఒకటో తరగతిలో ఉండగా చేపల చెరువు మోటారు దగ్గర కాళ్లు కడుక్కోబోతే కరెంటు కొట్టి పోయాడు. పోయాక ఒలకబొయ్యడం మానేశాడు, అంతే తేడా.

పేటలో ఎవరూ వింతనుకోలేదు. "ఈ వారం మీవాడు బాగానే వేశాడమ్మా సలోమీ" అనేవారు పాస్టరమ్మగారు, బియ్యం చెరుగుతూ. పక్కింటి అచ్చాయమ్మయితే, "ఎదుగుతున్నాడే పిల్లాడు, ఆ కుప్ప చూడు" అనేది. నిజమే, ఏటేటా అది పెద్దదవుతూనే ఉంది. ఈపాటికి వీడికి లాగూలు చాలవు, అనుకుని సలోమి పొయ్యి ముందే కూర్చుని ఏడ్చేది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయేది. కానీ ఎంత కాపు కాసినా, కుండలో చెయ్యి పెట్టుకుని ప్రార్థన చేసినా, గింజలు తప్ప ఏమీ తగిలేవి కావు.

మొగుడు అబ్రహాం కొడుకుని పాతిపెట్టిన రోజు నుంచి గుడి మెట్టెక్కలేదు. "నీ దేవుడు నా పిల్లాణ్ణి తీసుకున్నాడు. బియ్యం కూడా కావాలంటా?" అనేవాడు. అయినా ఆవిడ ఆదివారం తెల్లచీర కట్టుకుని వెళ్లేది, మొగుడి మనసు మార్చమని మోకాళ్ల మీద పడి అడిగేది. కొల్లేట్లో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసిన ఏడాది, అక్కడ అబ్రహాం చేసే కాపలా పని కూడా పోయింది. ఆవిడ గణపవరం వైపు ఊడ్పులకి పోయి తెచ్చినదాంట్లో సగం అతను తాగేసేవాడు. నూకలు కాచుకున్న రోజుల్లో కూడా సలోమి పిడికెడు తియ్యడం మానలేదు.

అచ్చాయమ్మ చూడలేక, "నీకేం పట్టిందే, అవి నువ్వు తిను. దేవుడేం అనుకోడులే" అంది.

"దేవుడి కోసం కాదక్కా. నేను మానేస్తే వాడూ మానేస్తాడేమోనని భయం."

అది పూర్తిగా నిజం కాదు. దేవుడి కోసం కూడా. ఆయన మీద ఎంత కోపమున్నా, ఆయన్ని వదిలెయ్యడం ఆ పిచ్చితల్లికి చేతకాలేదు.

ఒక శనివారం సలోమి పనికెళ్లాక, మందుకి గతిలేక అబ్రహాం చూపు ఆ కుండ మీద పడింది. అమ్ముకుందామని సంచీ పట్టుకొచ్చి, మూత తీసి చెయ్యి పెట్టాడు. లోపల ఇంకో చెయ్యి అతని వేళ్లు పట్టుకుంది.

సాయంత్రం సలోమి ఆటో దిగి ఇంటికొచ్చేసరికి, కుండలో మోచేతిదాకా చెయ్యి పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. కన్నీళ్లకి చొక్కా తడిసిపోయింది. పక్కనే సంచీ పడి ఉంది. ఏం చెయ్యబోయాడో ఆవిడకి అర్థమైపోయింది.

"ఇప్పుడే వదిలేశాడే" అన్నాడు. "పొద్దుట్నించీ పట్టుకునే ఉన్నాడు. అమ్మ వచ్చేదాకా ఉండరా అని బతిమాలాను. వినలేదు."

సలోమి బురద కాళ్లతోనే వచ్చి కుండలో చెయ్యి పెట్టింది. బియ్యం. అడుగుదాకా కెలికింది. బియ్యమే.

ఆవిడకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "ఇన్నేళ్లూ కడుపు మాడ్చుకుని వేసింది నేను! దొంగతనానికొచ్చినవాడికిచ్చావా ప్రభువా? నీ కంటికి నేను ఆనలేదా?" అని గుండెలు బాదుకుంది. అచ్చాయమ్మ గుమ్మందాకా వచ్చి, చూసి వెనక్కి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున కుండలో కొత్తగా పడింది ఆవిడ వేసిన పిడికెడు ఒక్కటే. పక్కన కుప్ప లేదు.

గుడికి బయల్దేరుతుంటే అబ్రహాం ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "నేనూ వస్తానే" అన్నాడు. ఇన్నేళ్లుగా ఆవిడ మోకాళ్ల మీద అడిగింది ఇదే. అయినా సంతోషం రాలేదు. కుండ చంకనెత్తుకుని ముందు నడిచింది.

కాలవ గట్టు మీద ఇక ఉండబట్టలేక ఆగింది. "ఎలా ఉందండీ వాడి చెయ్యి?"

"వెచ్చగా ఉందే" అన్నాడు అబ్రహాం. "నీ చేతికంటే పెద్దది. మధ్యవేలి మీద పెన్ను ఒత్తుకుని కాయ కట్టింది. చదువుకుంటున్నాడే మనవాడు."

సలోమి గట్టు మీదే కూలబడిపోయింది. గుడిలో మొదటి పాట అయిపోయి రెండోది ఎత్తుకున్నారు. అబ్రహాం పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి ఆవిడే లేచి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"పదండి" అంది. "వాక్యం చెప్పడం మొదలెట్టేస్తారు."