పాతిక పైసల బేరం

ఆ ఉదయానికి పద్మకుమారి నలభై ఒక్క బిడ్లు వేసింది. ఒక్కో బిడ్డుకి సైటువాడు ఎనిమిది రూపాయలు కోసుకుంటాడు. మొత్తం మూడు వందల ఇరవై ఎనిమిది రూపాయల పెట్టుబడి. రాబడి సున్న. కోటబొమ్మాళి సంతలో ఎండుచేపల బుట్ట పెట్టుకున్న ముసలిదైనా ఇన్నాళ్ళు బోణీ లేకుండా కూర్చోదు. బుట్టెత్తుకుని ఇంకో ఊరు పోతుంది.

ఆ సైటు తీరు అలాంటిది. ఎక్కడో ఎవరికో రాతపని కావలసి వస్తుంది. ఆ సంగతి సైటులో పెడతాడు. యాభైమంది ఎగబడి నేనింతకు రాస్తానంటే నేనింతకని ధర చెప్పుకుంటారు. ఒకరి ధర ఒకరికి కనబడదు. వాడు ఒక్కరిని పిలుస్తాడు, మిగిలిన నలభై తొమ్మిదిమందీ తమ ఎనిమిది రూపాయలకు నీళ్ళొదులుకుంటారు.

పద్మకుమారికి ముప్పై ఆరేళ్ళు. కోటబొమ్మాళిలోనే ప్రైవేటు బడిలో తొమ్మిదేళ్ళు తెలుగు చెప్పింది. పిల్లలు తగ్గారని పోయిన జూన్‌లో బడి మూసేశారు. పెళ్ళి నిలబడలేదు, ఆ లెక్క ఎప్పుడో తేలిపోయింది. ఇంట్లో ఉన్నది తండ్రి నరసింగరావు. నలభై ఏళ్ళు పశువుల సంతలో దళారీ చేసిన మనిషి. నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. ఆయనకు పింఛను నాలుగు వేలు వస్తుంది. కంటి చుక్కలు, బియ్యం, కరెంటు, గ్యాసు కలిపితే నెలకి పది వేలకు తగ్గదు. లోటు ఆరు వేలు.

ఆ లోటు పూడ్చే దారి ఒకటి ఉంది. విశాఖపట్నంలో ఆడపిల్లల హాస్టల్లో వార్డెను ఉద్యోగం, తిండీ గదీ ఇచ్చి తొమ్మిది వేలు. ఏప్రిల్ ఒకటికి చేరాలి. తండ్రిని తీసుకెళ్ళడానికి వీల్లేదు. బాబాయి ముందే కబురు పెట్టాడు, అన్నయ్యని తెచ్చి దింపెయ్యమని. పశువుల సాలలో ఓ మూల నులకమంచం కూడా వేయించాడట. కళ్ళు లేని మనిషికి ఇల్లయితేనేం, సాలయితేనేం అని ఆయన లెక్క. అందుకని పద్మకుమారి తనకు తానే గడువు పెట్టుకుంది. మార్చి నెలాఖరులోగా నెలకి ఆరు వేలు వచ్చే రాతపని దొరికితే ఊళ్ళో ఉంటుంది. లేకపోతే తండ్రి సాలకి, తను హాస్టలుకి.

ఈ రాతపని దారి చూపించింది సుహాసిని. బడిలో సోషల్ చెప్పేది. మొదటి విడతలోనే ఆమె ఉద్యోగం పోయింది. మొగుడు చెన్నైకి సెంట్రింగు పనికని వెళ్ళి రెండేళ్ళుగా పైసా పంపలేదు. ఇద్దరు పిల్లలు. ఆమెకి హైదరాబాదు కంపెనీ ఒకటి దొరికింది. వంటింటి చిట్కాల వీడియోలకు మాటలు రాయాలి. నెలకి నలభై, ఒక్కోటి వెయ్యి మాటలు, మాటకి నలభై పైసలు. పదహారు వేలు. పద్మకుమారి చేత ఖాతా తెరిపించిందీ, బిడ్డు ఎలా రాయాలో చెప్పిందీ, రాసింది దిద్దిందీ ఆమే. "మొదటి లైను ప్రశ్న ఉండాలే. రెండో లైనులో ఓ అంకె. మూడోదానికి సామెత. నాలుగోదాకా ఎవడూ సదవడు," అనేది. అన్నీ నేర్పింది గాని తన కంపెనీ పేరు మాత్రం చెప్పలేదు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. గిరాకీ పేరు ఎవరు చెబుతారు?

వీధి అరుగుమీద గోడకి చేరగిలబడి నరసింగరావు రోజూ అడిగేవాడు.

"అమ్మీ, ఏటయింది? ఎవుడైనా పలికాడా?"

"లేదు నాన్నా."

"బోణీ బేరానికి లాభం సూసుకోకూడదు. నష్టానికైనా ఒగ్గీసి సెయ్యి తడి సేసుకోవాల. ఇంతకీ ఆ పోటీ ఒచ్చినోళ్ళెవులో నీకు అవుపడరంటావు."

"అవుపడరు. తువ్వాలు కింద బేరం లాంటిదే."

ఆయన నవ్వాడు. "తువ్వాలు కింద బేరానికి కట్టుంటాదమ్మీ. దీనికేటున్నాది?"

పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ తువ్వాలు కింద కలుస్తాయి. పట్టుకున్న వేళ్ళను బట్టి ధర తెలుస్తుంది. చుట్టూ పదిమంది నిలబడ్డా ఆ ఇద్దరికే ఎరుక. దానికి ఒకటే కట్టు. ఒకడి చెయ్యి తువ్వాలు కింద ఉండగా రెండోవాడు ఆ పశువు ఊసెత్తకూడదు. ఆ చెయ్యి బయటకొచ్చి బేరం కుదరలేదని తేలాకే దగ్గరకు రావాలి. ఆ కట్టు తప్పినవాళ్ళను నరసింగరావు తన కాలంలో ఇద్దర్నే చూశాడు. మళ్ళీ వాళ్ళకి చెయ్యి అందించినవాడు లేడు.

మార్చి తొమ్మిదిన నలభై రెండో బిడ్డుకి ఫోను వచ్చింది. దీక్షిత్ అట, హైదరాబాదులో వీడియోల కంపెనీ మేనేజరు. మెత్తగా మాట్లాడాడు.

"ఇప్పుడు రాస్తున్నవారు బాగానే రాస్తారు మేడం. కానీ మాటకి నలభై పైసలంటే మాకు గిట్టట్లేదు. సగం పని మిషనే చేసేస్తోంది కదా ఈ రోజుల్లో. ఒక నమూనా పంపిస్తాను. ఆ తీరులో ఒకటి రాసి, మీ రేటు చెప్పండి."

నమూనా వచ్చింది. వడియాలు పెట్టడం గురించి. మొదటి లైను ప్రశ్న. రెండో లైనులో అంకె. కిందికి వెళితే ఇలా ఉంది: 'మా బడిలో ఒక ఆయా ఉండేది. మేడమీద వడియాలు పెట్టి, కాకులు రాకుండా పక్కన నల్లగొడుగు తెరిచి పెట్టేది.'

ఆ ఆయా గున్నమ్మ. ఆ మేడ తమ బడిది. ఆ గొడుగు పద్మకుమారిదే.

ఫోను చేతిలోనే ఉంది. సుహాసిని నంబరు నొక్కడానికి రెండు క్షణాలు చాలు. పద్మకుమారి ఆ రెండు క్షణాలూ లెక్కలో పెట్టింది. నేను కాదంటే వీడు ఊరుకుంటాడా? యాభైమందిలో ఇంకొకర్ని పిలుస్తాడు. సుహాసిని పని ఎలాగూ పోతుంది. పోయే పని ఎవరి ఇంటికి పోతేనేం? లెక్కలో తప్పు లేదు. తప్పు లేని లెక్కే గాని మళ్ళీ ఒకసారి వేసుకుంది.

సాయంత్రానికి నిమ్మకాయ తొక్కులమీద వెయ్యి మాటలు రాసి పంపింది. రేటు ముప్పై పైసలంది.

"పాతికయితే ఈ రోజునుంచే," అన్నాడు దీక్షిత్.

నలభై వేల మాటలు, పది వేలు. వార్డెను జీతం మీద వెయ్యి ఎక్కువ. "సరే సార్," అంది.

అరుగుమీంచి తండ్రి కేకేశాడు. "తెగిందేటమ్మీ?"

"తెగింది నాన్నా."

"అక్కడ ముందే ఎవులైనా సెయ్యెట్టున్నారేటి?"

"లేదు. కాళీయే."

మూడోరోజు పొద్దున్న సుహాసిని వచ్చింది, సంచిలో ములక్కాడలు పట్టుకుని. అరుగెక్కుతూనే, "మావయ్యా, బాగున్నావా?" అని, గుమ్మంలో కూలబడింది.

"ఒసే పద్మా, నా పని పోయింది."

"ఏటయిందే?"

"ఎవులో పాతిక్కి దిగారట. పాతిక్కి! ఆ రేటుకి శాపనార్థాలు కూడా రాయరు ఎవులూ. ఎంత కడుపు కాలినోళ్ళో పాపం." పద్మకుమారి మొహంలోకే చూస్తూ అంది. "నువ్వేటంటావు?"

"టీ ఎడతానుండు," అని పద్మకుమారి వంటింట్లోకి వెళ్ళింది. టీ పొంగి పొయ్యిమీద పడేదాకా అక్కడే నిలబడింది.

నాలుగు రోజులు పోయాక మళ్ళీ వచ్చింది. ఈసారి సంచి లేదు.

"నీకేటైనా దొరికిందేటే?"

"చిన్నది ఒకటి దొరికినట్టే ఉన్నాది."

"ఎవులు?"

"గుంటూరోళ్ళు."

"ఏం రాయాల?"

"ఇవే... ఇంటి చిట్కాలు."

"ఎక్కువైతే నాకు కొంత పడీ. స్కూలువోళ్ళు ఫీజుకి పీకమీద కూకున్నారు."

పద్మకుమారి అంతకుముందే లెక్క కట్టుకుని ఉంది. నలభైలో ఇరవై ఇవ్వాలి. ఆమె రాస్తే దిద్దక్కర్లేదు. తన చెయ్యి కూడా కొంచెం తేలికవుతుంది. "ఇరవై ఇస్తాను. మాటకి పదిహేను పైసలు పడతాది," అంది నేల చూస్తూ.

"పదిహేనా!" సుహాసిని ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు బాగాలేదు. "సర్లే. ఆకలి రుచెరగదు."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా నరసింగరావు ఆ అడుగులు వింటూ కూర్చున్నాడు. ఆ తరవాత అడిగాడు.

"గుంటూరోళ్ళు నీకెంతిస్తన్నారమ్మీ?"

"పాతిక."

"ఆ పిల్ల పని పట్టుకుపోయినోళ్ళూ పాతిక్కే దిగారంది. కళ్ళు పోయాయి గాని నాకు సెవులు పోలేదు."

పద్మకుమారి లేచి లోపలికి వెళ్ళబోయింది.

"దళారీకి నూటికి రెండు. ఇద్దరికీ సెప్పే తీసుకునేవోణ్ణి. నూటికి నలభై, అదీ సెప్పకుండా తీసుకున్నోణ్ణి సంతలో ఏటంటారో తెల్దా నీకు?"

"నిన్ను సాలలో పడేయకుండా ఉండడానికే కదా నాన్నా ఇదంతా!"

"సాలలో ఎడ్లుంటాయి. ఎడ్లతోనే బతికాను. నువ్వు దొంగలెక్క రాసి దాన్ని నా పేరున కట్టీకు." ఆయన గొంతు పెంచలేదు. "రేపు పోయి ఆ పిల్లకి సెప్పు. నువ్వు సెప్పకపోతే నేనే కర్ర పట్టుకుని పోతాను."

సుహాసిని అద్దెకున్న గది రైల్వేస్టేషను వెనకాల. పద్మకుమారి వెళ్ళేసరికి చేటలో కోటాబియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. పద్మకుమారి గుమ్మం బయట నిలబడే మొదలుపెట్టింది.

"సుహా, నేనో మాట సెప్పాల. నీ కంపెనీ..."

"తెలుసు."

"ఏటి తెలుసు?"

"నన్ను తీసేసినరోజే ఆ దీక్షిత్ నీ నిమ్మతొక్కులు నాకు పంపాడు. సూడండి మేడం, పాతిక్కి ఇలా రాస్తన్నారు, మీరు దిగుతారా అని. పేరు సెప్పలేదు. మొదటి లైను సూశాను, ప్రశ్న. రెండోది అంకె. మూడోది సామెత. నేర్పింది నేనే కదే, నాకు తెల్దేటి?"

"మరి తెలిసీ..."

"సెప్తావేమోనని వచ్చాను. ఒకసారి కాదు, రెండుసార్లు." చేట విసురుగా చెరిగింది. ఊక ఎగిరి పద్మకుమారి పాదాలమీద పడింది. "పొంగిపోయిన టీ తాగి ఎల్లాను."

పద్మకుమారికి ఏడుపొచ్చింది గాని ఏడిస్తే అది కూడా బేరంలా ఉంటుందని ఆపుకుంది. "నీ పని నీకు ఇచ్చీమంటే ఇచ్చేస్తాను," అంది.

"ఇచ్చీ."

వెంటనే అంది సుహాసిని, తలెత్తి. చేట కూడా ఆపేసింది. పద్మకుమారి నోరు తెరిచింది. సాల మూలన వేసిన నులకమంచం కళ్ళముందు నిలిచింది. స్టేషనులో బండి ఏదో ఆగి మళ్ళీ కదిలిపోయేంత సేపు ఇద్దరూ అలాగే ఉన్నారు.

"ఇవ్వలేవు," అంది సుహాసిని, మళ్ళీ రాళ్ళు ఏరుతూ. "నీ తావున నేనున్నా ఇవ్వను. ఇవ్వలేనప్పుడు ఆ మాట అనకూడదు. నేను ఆ రోజే పద్దెనిమిదికి దిగుదునే. దిగితే నువ్వు పదిహేనుకి దిగుతావు. నేను పన్నెండంటాను. ఆడు హైదరాబాదులో కూకుని తువ్వాలు కింద మనిద్దరి ఏళ్ళూ నొక్కుతాడు. అందుకని ఊరుకున్నాను. ఇప్పుడు సెప్పు. పదిహేనుకి నేను రాయను. ఇరవై ఒకటి."

పద్మకుమారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ద్వారబంధం పట్టుకుంది.

"ఇరవై ఒకటైతే నాకు లోటు పూడదే. నాన్న చుక్కలే..."

"ఎవుల లోటు ఆళ్ళకుంటాది. ఇరవై."

"పదిహేడు చేసుకో."

"పదిహేడుకి నా పిల్లలు పదిహేను రోజులే తింటారు. నెలకి ముప్పై రోజులు."

"పద్దెనిమిది."

"పంతొమ్మిది. ఇంక ఆడొద్దు."

"సరే. పంతొమ్మిది."

పద్మకుమారి మనసులో కూడుకుంది. ఇరవై వేల మాటలు తను రాస్తే అయిదు వేలు. సుహాసిని మాటలమీద ఆరేసి పైసలు చొప్పున పన్నెండు వందలు. ఆరు వేల రెండు వందలు. లోటు పూడి రెండు వందలు మిగిలాయి. ఇల్లు నిలబడింది.

"సుహా, ఓసారి లోపలికి రానీవే. కూకుని..."

"పనున్నాది మేడం," అంది సుహాసిని. "రోజు ఇడిసి రోజు రెండేసి, పది గంటలకి పంపుతాను. సూసుకోండి."

కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. పద్మకుమారి ఎండలో నడిచి ఇంటికొచ్చింది. అడుగుల చప్పుడు విని నరసింగరావు మొహం ఇటు తిప్పాడు.

"సెప్పావా?"

"సెప్పాను."

"తిట్టిందా?"

"లేదు. బేరమాడింది."

ఆయన మొహం మళ్ళీ వీధివైపు తిప్పుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇద్దరికీ తెలుసు.

ముప్పై ఒకటో తారీకున బాబాయి ఫోను చేశాడు. "అన్నయ్యని ఎప్పుడు దింపుతావే?" అని. "దింపను బాబాయ్, నాకు పని దొరికింది," అని చెప్పింది. ఏప్రిల్ పదిన దీక్షిత్ డబ్బు వేశాడు. పైసా తగ్గలేదు. నిమిషం ఆలస్యం చేయకుండా మూడు వేల ఎనిమిది వందలు సుహాసినికి పంపించింది. ఆ ఇరవై రాతల్లోనూ దిద్దవలసిన చోటు ఒక్కటీ దొరకలేదు. బడి ఊసు ఒక్కటీ కనబడలేదు.

కాసేపటికి జవాబు వచ్చింది.

'ముట్టింది మేడం. వచ్చే నెల ఇరవై ఒకటి అనుకుంటున్నాను.'

పద్మకుమారి కూర్చుని లెక్క వేసింది. ఇరవై ఒకటిస్తే లోటు రెండు వందలు. ఇరవై అయితే సరిగ్గా సరి.

'ఇరవై,' అని రాసి పంపింది.